కేసు షీటులో వెనక్కి మాత్రమే చదివే గడి

ఛాతీనొప్పితో ఆసుపత్రిలో చేరిన 42 ఏళ్ల మనిషి కేసు షీటులో ‘ఫ్యామిలీ హిస్టరీ’ అని ఒక గడి ఉంటుంది. తండ్రికి గుండెజబ్బు ఉండేదా, తల్లికి షుగర్ ఉందా, అన్నదమ్ముల్లో ఎవరైనా చిన్నవయసులో పోయారా అని డ్యూటీ డాక్టరు అడిగి అందులో రెండు ముక్కలు రాసుకుంటారు. యాంజియోగ్రామ్ అవుతుంది, స్టెంట్ పడుతుంది, కొద్ది రోజులకు మందుల చీటీతో రోగి ఇంటికి వెళతాడు. ఆ గడిని పై తరం వైపు చదివినంత శ్రద్ధగా కింది తరం వైపు చదవడం అరుదు. నిజానికి తండ్రికి గుండెపోటు వచ్చిన ఆ రోజునే ఇంట్లో ఉన్న పదేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి వైద్యచరిత్రలో కూడా ఒక వాక్యం చేరింది. ఆ వాక్యం వాళ్లను చూసే పిల్లల డాక్టరు దాకా వెళ్లదు. దాన్ని చేరవేయాల్సింది ఎవరో ఏ డిశ్చార్జి కాగితం మీదా రాసి ఉండదు.

కుటుంబంలో గుండెజబ్బు ఉందన్నంత మాత్రాన ప్రతి సందర్భమూ పిల్లలకు ఒకే బరువుతో వర్తించదు. తాతగారు 78వ ఏట గుండెపోటుతో పోయారంటే అందులో వయసు పాత్రే ఎక్కువ. అదే తండ్రికో, అన్నకో, మేనమామకో, తాతకో 55 ఏళ్లు నిండకముందే గుండెపోటు వచ్చినా, తల్లికో, అక్కకో, మేనత్తకో, అమ్మమ్మకో 65 ఏళ్ల లోపు వచ్చినా దాన్ని అమెరికా మార్గదర్శకాలు ‘అకాల గుండెజబ్బు’గా లెక్కిస్తాయి. బైపాస్, స్టెంట్, పక్షవాతం, అకస్మాత్తుగా పోవడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53 ఏళ్లుగా తేలింది. మిగతా దేశాలవారిలో అది 58.8. సగటే 53 అయినప్పుడు, ఈ ‘అకాల’ గీతకు ఇటువైపున ఉన్న తండ్రులు మన దగ్గర ఎంతమంది ఉంటారో ఊహించడం కష్టం కాదు. అమెరికా పిల్లల కోసం గీసిన ఆ గీత తెలుగు కుటుంబాల్లో మరింత ఎక్కువమంది పిల్లలను తాకుతుంది.

గుండె రక్తనాళాల్లో పూడిక నలభైలలో బయటపడే జబ్బయితే దాని గురించి పదేళ్ల పిల్లల దగ్గర మాట్లాడటం ఎందుకన్న ప్రశ్న సహజమే. దీనికి జవాబు శవపరీక్షల గదుల్లో దొరికింది. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను కోసి చూసిన వైద్యులు 1953లో ఒక నివేదిక ప్రచురించారు. ఆ సైనికుల సగటు వయసు 22. బలమైన శరీరాలు, ఎంపికలో నెగ్గిన ఆరోగ్యాలు. అయినా 77 శాతం మంది హృదయ ధమనుల్లో జబ్బు ఆనవాళ్లు కంటికి కనిపించేలా ఉన్నాయి. తర్వాత లూసియానా రాష్ట్రంలోని బొగలూసా అనే చిన్న పట్టణంలో, 1970ల తొలినాళ్లలో, డాక్టర్ జెరాల్డ్ బెరెన్సన్ బృందం బడిపిల్లల బరువు, రక్తపోటు, కొలెస్ట్రాల్ కొలిచి దశాబ్దాల పాటు వారిని వెంబడించింది. వారిలో ప్రమాదాలవంటి కారణాలతో చిన్నవయసులోనే చనిపోయిన 204 మంది శవపరీక్షల ఫలితాలను 1998లో వెల్లడించారు. వారి వయసు రెండేళ్ల నుంచి 39 ఏళ్ల వరకు ఉంది. రిస్కు కారణాలేవీ లేనివారి హృదయ ధమనుల లోపలి గోడలో 1.3 శాతం మేర కొవ్వు చారలు ఉంటే, మూడు లేదా నాలుగు కారణాలు కలిసి ఉన్నవారిలో అవి 11 శాతం మేర ఉన్నాయి. కారణాలు ఒకదానికొకటి తోడైనప్పుడు నష్టం కూడికలా కాక గుణకారంలా పెరుగుతుందన్న అనుమానానికి ఇది గట్టి ఆధారం.

అంటే ఇక్కడ నిర్ణయించేది కొలెస్ట్రాల్ ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, ఎన్నేళ్లుగా ఉందన్నది కూడా. ఈ సంగతిని 2006లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం మరోవైపు నుంచి చూపించింది. పీసీఎస్‌కే9 అనే జన్యువులో లోపం వల్ల పుట్టుక నుంచీ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) సుమారు 28 శాతం తక్కువగా ఉన్న ఆఫ్రికన్ అమెరికన్లలో హృదయ ధమనుల జబ్బు 88 శాతం తక్కువగా కనిపించింది. నడివయసులో మందు మొదలుపెట్టి ఎల్‌డీఎల్‌ను అంతే మేర తగ్గిస్తే ఇంత లాభం రాదు. తక్కువ కొలెస్ట్రాల్‌తో గడిచిన బాల్యం, యవ్వనం ఆ తేడాకు కారణం. ఎక్కువ కొలెస్ట్రాల్‌తో గడిచిన బాల్యానికీ ఇదే లెక్క తిరగేసి వర్తిస్తుంది.

‘మా వంశంలోనే ఉందండీ’ అనే మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, ఒకే ఒక్క జన్యువు చెడటం వల్ల వచ్చే తీవ్రమైన స్థితి. రెండు, అనేక జన్యువుల చిన్న చిన్న ప్రభావాలతో పాటు లైపోప్రొటీన్‌(ఎ) (కొలెస్ట్రాల్‌ను మోసే ఒక కణం) వంటి పుట్టుకతో వచ్చే రక్తపదార్థాలు. మూడు, ఒకే వంటగది, ఒకే టీవీ, ఒకే సిగరెట్ పొగ. ఈ మూడింటినీ విడదీయకుండా పిల్లలకు సలహా ఇస్తే, మందు అవసరమైన వారికి నడక చెప్పి, నడక చాలినవారికి భయం పంచినట్టవుతుంది.

మొదటి దానికి వైద్యులు పెట్టిన పేరు ఫెమీలియల్ హైపర్‌కొలెస్ట్రొలేమియా, వాడుకలో ఎఫ్‌హెచ్. నార్వే వైద్యుడు కార్ల్ ముల్లర్ 1938లో, స్నాయువుల మీద పసుపు గడ్డలు, అధిక కొలెస్ట్రాల్, గుండెజబ్బు కొన్ని కుటుంబాల్లో కలిసి నడుస్తున్నాయని గుర్తించాడు. అది ఎందుకలా జరుగుతోందో తేల్చింది టెక్సాస్‌లోని డల్లాస్‌లో పనిచేసిన జోసెఫ్ గోల్డ్‌స్టీన్, మైకేల్ బ్రౌన్. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ కణాలను పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయ కణాల ఉపరితలం మీద ఉంటాయి. ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండింటిలో ఒకటి చెడితే రక్తాన్ని శుభ్రం చేసే సామర్థ్యం ఇంచుమించు సగమవుతుంది, ఎల్‌డీఎల్ దాదాపు రెట్టింపవుతుంది. ఈ ఆవిష్కరణకు ఆ ఇద్దరికీ 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక జన్యువు మాత్రమే చెడినవారు ప్రపంచంలో సుమారు ప్రతి 250 నుంచి 300 మందికి ఒకరు ఉంటారని అంచనా. పదిహేను వందల మంది చదివే ఒక ఉన్నత పాఠశాలలో ఐదారుగురు ఉండవచ్చన్నమాట. వాళ్లలో ఎవరికీ నొప్పి ఉండదు, ఆయాసం ఉండదు. ఆటల పోటీల్లో కప్పు తెచ్చే పిల్లవాడు కూడా వాళ్లలో ఉండవచ్చు. చికిత్స లేకుండా వదిలేస్తే మగవారిలో సుమారు సగం మందికి యాభై ఏళ్ల లోపు, ఆడవారిలో సుమారు మూడోవంతు మందికి అరవై ఏళ్ల లోపు హృదయ ధమనుల జబ్బు వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఎఫ్‌హెచ్ ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సరిగ్గా సగం. పెద్దవాడికి లేదని తేలినంత మాత్రాన చిన్నదానికి లేదని అనుకోవడానికి వీల్లేదు. ప్రతి కాన్పుకూ నాణెం మళ్లీ కొత్తగా ఎగురుతుంది.

ఇద్దరి నుంచీ చెడ్డ జన్యువే వస్తే పరిస్థితి పూర్తిగా వేరు. ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 400 మిల్లీగ్రాములు దాటుతుంది, కొందరిలో 600, 800 కూడా ఉంటుంది. మోచేతుల మీద, మోకాళ్ల మీద, వేళ్ల సందుల్లో, మడమ వెనకున్న స్నాయువు మీద పసుపు రంగు బుడిపెలు బాల్యంలోనే తేలతాయి. వాటిని చూసిన ఇంటివాళ్లు పులిపిర్లనుకొని చర్మ వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లడం సాధారణం. ఎఫ్‌హెచ్ తొలిసారి చర్మ విభాగంలో బయటపడే సందర్భాలు అందుకే తరచూ కనిపిస్తాయి. ఇటువంటి పిల్లలకు ఇరవై ఏళ్ల లోపే గుండెపోటు రావచ్చు. 1984లో పిట్స్‌బర్గ్‌లో ఇలాంటి ఆరేళ్ల బాలికకు గుండెతో పాటు కాలేయాన్ని కూడా మార్చారు. గుండె మార్చింది అది పాడైపోయినందుకు. కాలేయం మార్చింది కొత్త గ్రాహకాల కోసం. వెయ్యి దాటిన ఆమె కొలెస్ట్రాల్ ఆ తర్వాత బాగా పడిపోయింది. గోల్డ్‌స్టీన్, బ్రౌన్ ప్రయోగశాలలో చెప్పిన మాటకు అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ఇలా రెండు జన్యువులూ చెడిన స్థితి ప్రపంచమంతటా చాలా అరుదు, సుమారు మూడు లక్షల మందికి ఒకరు. కానీ ఆ లెక్క దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు లేని సమాజాలకు సరిపోయేది. మేనమామ కూతురినో, అక్క కూతురినో చేసుకునే ఆచారం తెలుగు నేల మీద తగ్గుతున్నా పోలేదు. తాతకో నాయనమ్మకో ఉన్న ఒక చెడ్డ జన్యువు రెండు దారుల్లో దిగివచ్చి ఒకే బిడ్డలో కలుసుకునే వీలు మేనరికంలో ఎక్కువ. తల్లిదండ్రులిద్దరికీ చెరొక చెడ్డ జన్యువు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, ఒకటి మాత్రమే వచ్చే అవకాశం సగం. మేనరికమైన ప్రతి ఇంట్లోనూ ఇలా జరుగుతుందని కాదు; చిన్నవయసు గుండెపోట్లు, మేనరికం రెండూ ఉన్న ఇంట్లో పిల్లలకు లిపిడ్ పరీక్ష (రక్తంలోని కొవ్వుల పరీక్ష) వాయిదా వేయడానికి మాత్రం ఏ సాకూ లేదు.

రెండో రకం వారసత్వంలో ప్రత్యేకంగా చెప్పుకోవలసింది లైపోప్రొటీన్‌(ఎ). నార్వేకే చెందిన కారె బెర్గ్ 1963లో దీన్ని కనిపెట్టాడు. రక్తంలో ఇది ఎంత ఉండాలన్నది ఇంచుమించు మొత్తం జన్యువులే నిర్ణయిస్తాయి, చిన్నతనంలోనే స్థిరపడిపోతుంది, ఆహారంతో గానీ వ్యాయామంతో గానీ చెప్పుకోదగినంత మారదు. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో ఇది కనిపించదు, విడిగా రాయించాలి. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువగా లెక్క. భారతీయుల్లో దాదాపు నాలుగోవంతు మందికి ఇది ఎక్కువగా ఉంటుందని భారత హృద్రోగ వైద్యుల సంఘం చెబుతోంది. కొలెస్ట్రాల్ నార్మల్, షుగర్ లేదు, పొగ తాగడు, అయినా 38 ఏళ్లకే గుండెపోటు అన్న కథ వెనుక కొన్నిసార్లు ఈ పదార్థమే ఉంటుంది. మార్చలేని దాన్ని కొలిచి ఏం లాభమన్న వాదన ఉంది గానీ, అది బలమైనది కాదు. దీన్ని మార్చలేనప్పుడు మార్చగలిగిన మిగతా వాటిని ఎంత గట్టిగా పట్టుకోవాలో ఈ ఒక్క అంకె చెబుతుంది.

మూడోదైన ఇంటి వాతావరణం విషయంలో తెలుగు ఇళ్లను ఎక్కువగా తప్పుదారి పట్టించేది కన్ను. ‘వాడు పుల్లలా ఉంటాడు, వాడికి కొలెస్ట్రాలేమిటి’ అన్న ధీమా దక్షిణాసియా పిల్లల విషయంలో పనికిరాదని పుణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ పరిశోధనలు చాలాకాలం క్రితమే చూపించాయి. పుణే చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన శిశువులు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌథాంప్టన్‌లో పుట్టినవారు 3.5 కిలోలు. బరువులో, కండలో అంత తేడా ఉన్నా, వీపు మీది చర్మం కింద కొవ్వు మాత్రం మన శిశువుల్లో దాదాపు వాళ్లంతే ఉంది. తక్కువ బరువుతో పుట్టి, ఆ లోటు తీర్చాలన్న ఆరాటంలో వేగంగా బరువు పెంచిన బిడ్డకు తర్వాత షుగరు, బీపీ ముప్పు పెరుగుతుంది. బొద్దుగా ఉంటేనే ఆరోగ్యమన్న పెద్దల నమ్మకం, బక్కగా ఉంటే గుండెకు ఢోకా లేదన్న పిన్నల నమ్మకం, రెండూ ఇక్కడ ఓడిపోతాయి. 2016–18లో జరిగిన జాతీయ సమగ్ర పోషకాహార సర్వేలో ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు ఎక్కువగా, నాలుగోవంతు మందికి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నట్టు తేలింది. ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారు మాత్రం కొద్దిమందే. తెల్లన్నం, చక్కెర, బిస్కెట్టు, కూల్‌డ్రింకు మీద నడిచే పొట్టలు ఇచ్చే రక్తచిత్రం ఇలాగే ఉంటుంది. కాబట్టి నూనె ఒక్కటి తగ్గించి, పళ్లెంలో అన్నం కుప్పను అలాగే ఉంచే ఇంటి వైద్యం సగమే.

రక్తపోటు విషయం త్వరగా ముగించవచ్చు. మూడేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ ఏడాదికోసారి కొలవాలని అమెరికా శిశు వైద్యుల సంఘం చెబుతుంది. పదమూడేళ్లు నిండినవారికి 130/80 గానీ ఆ పైన గానీ ఉంటే ఎక్కువ. అంతకంటే చిన్నవారికి వయసు, ఎత్తు, లింగాన్ని బట్టి పట్టిక చూడాలి. పెద్దల పట్టీ చిన్న చేతికి చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది గనుక, పిల్లల పట్టీ లేని చోట ‘నార్మల్’ అన్న మాటను నమ్మలేము.

కొలెస్ట్రాల్ పరీక్ష ఎప్పుడు చేయించాలన్న దాని మీద ప్రపంచంలో ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో 2011 నాటి మార్గదర్శకాలు ప్రతి బిడ్డకూ 9–11 ఏళ్ల మధ్య ఒకసారి, 17–21 మధ్య మరోసారి చేయమన్నాయి. యుక్తవయసు వచ్చేటప్పుడు కొలెస్ట్రాల్ తాత్కాలికంగా తగ్గుతుంది గనుక దానికి ముందే చూడాలన్నది ఆ వయసు ఎంపికలోని తర్కం. అదే దేశపు నివారణ సేవల కార్యదళం 2023లో, అందరు పిల్లలకూ పరీక్ష చేయాలనడానికీ వద్దనడానికీ తగిన ఆధారాలు లేవంది. స్లోవేనియా 1995 నుంచి ఐదేళ్ల పిల్లలందరినీ పరీక్షిస్తోంది. నెదర్లాండ్స్ మరో దారి పట్టింది: ఒక రోగి దొరికితే అతని బంధువులను ఒక్కొక్కరినే వెతికి పరీక్షిస్తూ రెండు దశాబ్దాల్లో 28 వేలకు పైగా ఎఫ్‌హెచ్ ఉన్నవారిని కనుక్కుంది. కేసు షీటులోని గడిని ముందుకు చదవడమంటే అదే. మన దగ్గర 2024 జూలైలో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా విడుదల చేసిన తొలి లిపిడ్ మార్గదర్శకాలు అందరికీ 18 ఏళ్లకు, కుటుంబంలో అకాల గుండెజబ్బో ఎఫ్‌హెచ్చో ఉంటే అంతకంటే ముందే తొలి పరీక్ష చేయాలంటాయి. అందరికీ పరీక్ష గురించి వాదన ఎంత సాగినా, ఇంట్లో చరిత్ర ఉన్న పిల్లల విషయంలో మాత్రం చేయడమే సబబు. ఖర్చు కొన్ని వందల రూపాయలు, తొలి పరీక్షకు పరగడుపుతో ఉండాల్సిన పని కూడా లేదు. పిల్లల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే గుండె లోపాలను, రుమాటిక్ గుండెజబ్బును వెతుకుతుంది; కొలెస్ట్రాల్ దాని జాబితాలో లేదు. ఆ పని ఇంకా కుటుంబాలదే.

రిపోర్టు చేతికొచ్చాక ఇంకో చిక్కు ఉంది. ల్యాబులు తరచూ పెద్దల హద్దులనే పక్కన అచ్చువేస్తాయి: మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపు ఉంటే మంచిదని. పిల్లలకు హద్దు 170. 170 నుంచి 199 వరకు అనుమానించాల్సిన మేర, 200 ఆ పైన ఎక్కువ. ఎల్‌డీఎల్ 110 లోపు ఉండాలి, 130 అయితే ఎక్కువ. పదేళ్ల పిల్లకు మొత్తం కొలెస్ట్రాల్ 190 వస్తే కాగితం మీద ఏ ఎర్ర గుర్తూ పడదు, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఎల్‌డీఎల్ రెండుసార్లు 190 దాటినా, అకాల గుండెజబ్బు ఉన్న ఇంట్లో 160 దాటినా ఎఫ్‌హెచ్‌ను గట్టిగా అనుమానించాలి. దానికి ముందు థైరాయిడ్ లోపం, మూత్రపిండాల జబ్బు వంటివి లేవని చూసుకోవాలి, ఎందుకంటే అవి కూడా కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి.

ఎఫ్‌హెచ్ తేలిన పిల్లలకు ఆహార నియమం అవసరమే గానీ చాలదు. చెడిన గ్రాహకాన్ని ఆకుకూర బాగుచేయదు. ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య తక్కువ మోతాదులో స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మొదలుపెట్టడం ఇప్పుడు ఆమోదం పొందిన పద్ధతి. ‘ఇంత చిన్నప్పుడే జీవితాంతం మందా’ అన్న తల్లి భయాన్ని కొట్టిపారేయడం తగదు; దానికి ఆధారంతో జవాబివ్వాలి. నెదర్లాండ్స్‌లో బాల్యంలోనే స్టాటిన్ మొదలుపెట్టిన 214 మందిని ఇరవై ఏళ్ల తర్వాత చూసి 2019లో ఫలితాలు ప్రకటించారు. 39 ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో గుండె, రక్తనాళాల సంఘటనలు ఒక శాతం. అదే జన్యువు ఉండి, అదే వయసుకు చేరినప్పుడు వాళ్ల తల్లిదండ్రుల్లో 26 శాతం. ఎదుగుదలలో, యుక్తవయసు రావడంలో తేడా కనిపించలేదు. రెండేళ్ల లోపు బిడ్డకు మాత్రం కొవ్వు తగ్గించకూడదు. మెదడు ఎదుగుదలకు అది కావాలి. గుండెజబ్బు భయంతో పసిబిడ్డకు వెన్న తీసిన పాలు పట్టే ఇళ్లు మేలు చేస్తున్నామనుకుంటూ కీడు చేస్తున్నాయి.

ఇక పైవాటితో సంబంధం లేని మరో కుటుంబ చరిత్ర ఉంది. పాతికేళ్ల మేనమామ కబడ్డీ ఆడుతూ కూలిపోయాడు, ఈత బాగా వచ్చిన చిన్నాన్న చెరువులో మునిగిపోయాడు, పరుగెత్తినప్పుడల్లా అక్క స్పృహ తప్పేది అని చెప్పుకునే ఇళ్లలో వెతకాల్సింది పూడిక కాదు. గుండె కండరం దళసరెక్కడమో, గుండెలోని విద్యుత్ ప్రసారం దారి తప్పడమో. వీటి గురించి లిపిడ్ ప్రొఫైల్ ఏమీ చెప్పదు, ఈసీజీ, ఎకో కావాలి. ఈ కోవలో హైదరాబాద్‌కు నేరుగా సంబంధించిన ఒక ఆవిష్కరణ ఉంది. అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, తోటి పరిశోధకులు 2009లో ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయిన మార్పు భారతీయుల్లో దాదాపు నాలుగు శాతం మందిలో ఉందని, అది గుండె కండర బలహీనతకు ముప్పు పెంచుతుందని చూపించారు. ఆ మార్పు ఉన్న చాలామందికి జీవితాంతం ఏమీ కాకపోవచ్చు. అయ్యేవారికి ఎక్కువగా నడివయసులో అవుతుంది. అందుకే కండర జబ్బు ఉన్న ఇంట్లో పన్నెండేళ్ల పిల్లవాడికి ఎకో ఒకసారి నార్మల్ వచ్చిందని ఫైలు మూసేయరు. ఎదిగే వయసులో ఒకటి రెండేళ్లకోసారి, పెద్దయ్యాక మూడు నుంచి ఐదేళ్లకోసారి మళ్లీ చూస్తారు.